కారుకు కొలువు – బస్సుకు తుక్కు

హైదరాబాదు పాతనగరంలోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరు ఇచ్చారు. 1911లో ఆయన కాలధర్మం చెందడంతో ఆ కారెక్కే యోగం ఆయనకు లభించలేదు. ఆ తరువాత కూడా ఆ కారు ఉత్సవ సందర్భాలలో మాత్రమే బయటికి వచ్చేది. అది మొత్తం తిరిగిన దూరం 356 మైళ్ళని చెబుతారు. అంటే హైదరాబాదు నుండి విజయవాడకు పోయి తిరిగివచ్చేటంత దూరం. నేడు ఆ కారును చూడడానికి దేశదేశాల వారు వస్తారు. దాని తళుకు చూసి ముగ్ధులవుతారు. పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటారు.

అంత దూరం మన ఆర్టీసీ బస్సు రెండు రోజులలో తిరుగుతుంది. అలాంటి బస్సులు వేలకొలది, దశాబ్దాల తరబడి, కోట్లాది మందిని ఊళ్ళకు చేర్చాయి. వాటిలో ఎన్ని మిగిలాయి? ఎక్కడ ఉన్నాయి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోయిన వారికి వేళ్ళమీద లెక్కించదగిన కొన్ని వాహనాలు తప్ప మరేమీ కనిపించవు. తిరగని కారుకు కొలువు దక్కింది. తిరిగి తిరిగి అరిగిపోయిన బస్సుకు తుక్కు దక్కింది. ఈ వైపరీత్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కారును భద్రపరచడం తప్పని నా వాదం కాదు. అది చేసినవారు అభినందనీయులు. రాజు వాహనం మన చరిత్రలో భాగమే. అయితే ప్రజల వాహనం కూడా చరిత్రే. ఒక కాలపు వైభవాన్ని తెలుసుకొనడానికి రాజు ఎక్కిన కారు ఉపకరిస్తుంది. ఆ కాలంలో మనుష్యులు ఎలా బ్రతికారో తెలుసుకొనడానికి వారు ఎక్కిన బస్సు కావాలి. మొదటిది ఉండి రెండవది లేని చరిత్ర ఒంటిచక్రపు బండి వంటిది. అది ముందుకు సాగదు.

మన బస్సుల చరిత్ర సామాన్యమైనది కాదు. 1930లో నిజాం ప్రభుత్వం తన సంస్థానంలోని రైల్వేను కంపెనీ చేతినుండి కొని స్వాధీనం చేసుకొన్నది. రెండేళ్ళు తిరిగేసరికి, 1932 జూన్‌లో, ఆ రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖ నెలకొన్నది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు – ఇదీ నాటి ప్రారంభం. రైలు పోలేని ఊరికి బస్సు పోవాలి; రైలు దిగినవాడిని బస్సు అందుకొనాలి; రైలూ బస్సూ ఒకదానితో ఒకటి పోటీపడి రెండూ నష్టపోకూడదు. ఒకే యాజమాన్యం క్రింద రెండింటిని నడపడంలోని ఆలోచన ఇది. తిరువాన్కూరు సంస్థానంలో ప్రభుత్వ బస్సులు ప్రారంభమైనది 1938లో. దానికి ఆరేళ్ళ ముందే ఇక్కడ ప్రభుత్వ బస్సు రోడ్డెక్కిందంటే, దేశంలో ఈ రంగానికి తొలి బాట వేసిన వారిలో మనవారు ఉన్నారన్నమాట.

1951 నవంబరు 1న ఈ శాఖ రైల్వే నుండి విడివడి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత, 1958 జనవరి 11న, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 27 బస్సులతో మొదలైన ఆ కుటుంబం 1999 నాటికి ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులు నడిపే సంస్థగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 2014లో రాష్ట్రం రెండయిన పిదప సంస్థ కూడా రెండయింది. కాని రెండింటికీ తాత ఒక్కడే. ఆ తాత జ్ఞాపకాలను ఎవరు దాచాలి అన్నది నేడు రెండు ఇళ్ళ ముందూ ఉన్న ప్రశ్న.

సంతోషించదగిన విషయం ఒకటి ఉన్నది. నిజాం కాలం నాటి ఆల్బియన్ బస్సు ఒకదానిని ఆర్టీసీ జాగ్రత్తపరచి ప్రజలకు చూపుతూ వచ్చింది. చిన్న బస్సే. కాని దాని ముందు నిలిచి చూసేవాడికి అది ఎన్ని సంగతులు చెబుతుంది! ఆల్బియన్ కంపెనీ స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి చెందినది, 1899లో పుట్టింది, ఉదయించే సూర్యుడు దాని చిహ్నం. 1951లో ఆ కంపెనీ ఇంగ్లండులోని లేలండు సంస్థలో కలిసింది. ఆ లేలండుతోనే మద్రాసులోని అశోక్ మోటార్స్ చేయి కలిపి 1955లో అశోక్ లేలండ్ అయింది. మన ఎర్రబస్సులలో ఎన్నింటికో ఛాసిస్‌లు అక్కడినుండే వచ్చాయి. గ్లాస్గోలో ఉదయించిన సూర్యుడు ఎన్నూరు మీదుగా మన ఊరి బస్టాండు వరకు వచ్చిన కథ ఇది. పాఠ్యపుస్తకంలో నాలుగు పుటలు చదివినా పట్టుబడని పారిశ్రామిక చరిత్రను ఒక్క బస్సు నిమిషంలో కళ్ళకు కట్టిస్తుంది.

ఐతే ఒక్క ఆల్బియన్‌తో కథ పూర్తి కాదు. దాని తరువాత వచ్చిన తరాల మాట ఏమిటి? ఒకనాడు హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల వీధులలో ఏనుగుల వలె నడిచిన డబుల్ డెక్కర్ బస్సులు ఈ శతాబ్దం తొలి సంవత్సరాలలో కనుమరుగైనాయి. పై అంతస్తులో ముందు సీటు కోసం పోటీపడిన పిల్లలు నేడు తాతలు, అమ్మమ్మలు. 2023 ఫిబ్రవరిలో విద్యుత్తుతో నడిచే డబుల్ డెక్కర్లు మూడు నగరానికి వచ్చినపుడు వారంతా పాత బస్సును తలచుకొన్నారు. తలచుకొనడమే మిగిలింది. పాతదానిని కొత్తదాని ప్రక్కన నిలిపి, ఇదిగో నాటిది, ఇదిగో నేటిది అని పిల్లలకు చూపగల చోటు మాత్రం నగరంలో లేదు.

బస్సుల సంగతి అలా ఉంచి, బస్సులు నిలిచిన చోటు సంగతి చూద్దాము. గౌలిగూడలో పెద్ద గుమ్మటం వంటి ఇనుపరేకుల షెడ్డు ఒకటి ఉండేది. విమానాల షెడ్డు ఆకారంలో ఉండడం చేత దానిని మిసిసిపీ హ్యాంగర్ అని పిలిచేవారు. 1930 ప్రాంతంలో నిర్మితమైన ఆ కట్టడమే తరువాత బస్సులకు నిలయమై, ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్ స్టేషను వచ్చేవరకు, నగరానికి ప్రధాన బస్ స్టాండుగా ఉన్నది. జిల్లాలనుండి చదువుకోసం, కొలువుకోసం, వైద్యంకోసం నగరానికి వచ్చిన కొన్ని తరాలవారికి హైదరాబాదు అంటే మొదట కనిపించినది ఆ గుమ్మటం క్రింది నీడే. రవాణా ప్రదర్శనశాలకు అంతకంటె తగిన భవనం ఈ రాష్ట్రంలో మరొకటి లేదు. 2018 జూలై 5న అది కుప్పకూలింది. ప్రాణనష్టం జరగలేదు, అదొక్కటే మేలు. చరిత్రకు జరిగిన నష్టాన్ని మాత్రం ఎవరూ లెక్కకట్టలేదు. ఒక కట్టడం కూలడానికి ఎనభై ఎనిమిదేళ్ళ వయస్సు కారణం కాదు. దానికంటె వయస్సు మళ్ళినవి ఎన్నో నిలిచి ఉన్నాయి. ఇది మనది, దీనిని నిలుపుకొనాలి అని గట్టిగా అనేవారు సకాలంలో లేకపోవడమే కారణం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతవరకు పాత బస్సులు పోయినవి అలక్ష్యం వల్ల. ఇకమీదట పోబోయేవి నిబంధన వల్ల. అలక్ష్యం నుండి ఒకటో రెండో తప్పించుకొనవచ్చు. ఏ డిపో మూలనో ఒక బస్సు మరుగున పడి మిగిలిపోవచ్చు. నిబంధననుండి తప్పించుకొనే వీలు ఉండదు.

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పురాతన వాహనాలను గురించి నియమాలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు నిండి, తన మూలరూపంలోనే ఉన్న వాహనాన్ని వారసత్వ వాహనంగా గుర్తించి, ప్రత్యేకమైన నంబరు ఇచ్చి కాపాడడం వాటి ఉద్దేశం. మంచి నియమమే. ఐతే అది వర్తించేది రెండు చక్రాల బండ్లకు, కార్ల వంటి చిన్న వాహనాలకు మాత్రమే. ఆ నిర్వచనంలో బస్సుకు చోటు లేదు. 2023 జనవరిలో అదే శాఖ మరొక ఉత్తర్వు వెలువరించింది. ప్రభుత్వ వాహనాలు, రాష్ట్ర రవాణా సంస్థల బస్సులతో సహా, పదిహేనేళ్ళు నిండగానే రిజిస్ట్రేషను కోల్పోవాలి. గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు చేరాలి. 2023 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులోకి వచ్చింది.

ఈ రెండు ఉత్తర్వులను ప్రక్క ప్రక్కన పెట్టి చదవండి. శ్రీమంతుని కారు యాభై ఏళ్ళు నిండితే వారసత్వం. ప్రజల బస్సు పదిహేను ఏళ్ళు నిండితే తుక్కు. పదిహేనవ ఏట తుక్కయ్యేది యాభయ్యవ ఏటికి ఎలా చేరుతుంది? ఈ రెండింటినీ వ్రాసినవారికి బస్సుమీద పగ ఉన్నదని నేను అనను. పాత బస్సు పొగ వదలుతుంది. బ్రేకులు పట్టు తప్పుతాయి. ప్రయాణికుల ప్రాణాలకు ముప్పు. కనుక పదిహేనేళ్ళు నిండిన బస్సును రోడ్డుమీదినుండి తొలగించడం న్యాయమే. ఆ నియమాన్ని నేను మనసారా సమర్థిస్తాను. కాని రోడ్డుమీదినుండి తొలగించడం వేరు, లోకంలోనుండి తొలగించడం వేరు. ఉద్యోగ విరమణ చేసినవాడిని ఇంటికి పంపుతాము గాని కాటికి పంపము కదా!

ఆ ఉత్తర్వులోనే దేశరక్షణకు, శాంతిభద్రతల పరిరక్షణకు ఉపయోగించే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉన్నది. కాబట్టి మినహాయింపు అనే భావన దానికి కొత్తది కాదు. ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క బస్సు చొప్పున, ఇంజను నడపకుండా, రోడ్డెక్కించకుండా, ప్రదర్శనకోసం మాత్రమే నిలుపుకొనే అవకాశాన్ని అదే పుటలో ఇంకొక వాక్యంగా చేర్చవచ్చు. వేల బస్సులలో పది నిలుపుకొన్నంత మాత్రాన గాలి కలుషితం కాదు; తుక్కు కేంద్రాలకు పని తక్కువ కాదు.

దీనికి అభ్యంతరాలు చెప్పేవారు ఉంటారు. వారి మాటను తేలికగా త్రోసివేయరాదు. మొదటి అభ్యంతరం డబ్బు. ఆర్టీసీ నష్టాలలో నడిచిన సంస్థ. పల్లెలకు చాలినన్ని బస్సులు లేవు. విద్యార్థులు ఫుట్‌బోర్డుమీద వ్రేలాడుతూ కళాశాలకు వస్తున్నారు. ఈ పరిస్థితిలో చచ్చిన బస్సులకు గుడికట్టడం దేనికి అంటారు. ఫుట్‌బోర్డుమీద వ్రేలాడే బాధ మనలో చాలామందికి స్వానుభవమే. కొత్త బస్సుకు ఇవ్వవలసిన ధనాన్ని పాత బస్సుకు ఇమ్మని ఎవరూ కోరరు. కాని లెక్క సరిగా వేయాలి. తుక్కుకు పోయే బస్సును ఉంచుకొంటే సంస్థ పోగొట్టుకొనేది తుక్కు ఇనుము ధర మాత్రమే. దానికి కావలసినది పైకప్పు, గాలి ఆడే గోడ, కాపలా, అప్పుడప్పుడు చేతిపని. పాత డిపోలలో షెడ్లున్నాయి. మియాపూరులో బస్సుల బాడీలు కట్టిన సొంత కర్మాగారం ఉన్నది. పనితనం తెలిసి విశ్రాంతి తీసుకొంటున్న మెకానికులు ఊరూరా ఉన్నారు. చాలా దేశాలలో ధనం పోసి సంపాదించవలసిన నైపుణ్యం మనకు అడగగానే దొరుకుతుంది. వారు ఉన్నంత కాలమే అది దొరుకుతుందన్న మాట మరువరాదు.

రెండవ అభ్యంతరం – ఇవన్నీ చూడడానికి ఎవరు వస్తారు? దీనికి విశాఖపట్నం సముద్రతీరమే సమాధానం. 2001లో నౌకాదళ సేవనుండి విరమించిన కుర్సురా జలాంతర్గామిని సముద్రంలోనుండి ఒడ్డుకు లాగి, ఇసుకలో పునాది వేసి నిలబెట్టి, 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. సుమారు తొంభై మీటర్ల ఉక్కు ఓడ అది. మనలో జలాంతర్గామిలో ప్రయాణించినవారు ఎందరు? అయినా జనం బారులు తీరి లోపలికి పోయి చూస్తున్నారు. జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చగలిగిన తెలుగువారికి బస్సును షెడ్డులోకి చేర్చడం అసాధ్యమా? ఎన్నడూ ఎక్కని ఓడను చూడడానికి వచ్చేవారు తాము ఎక్కిన బస్సును, తమ తల్లిదండ్రులు ఎక్కిన బస్సును చూడడానికి రారా?

ఢిల్లీ సంగతి చూడండి. అక్కడి జాతీయ రైలు ప్రదర్శనశాలకు 1971లో శంకుస్థాపన చేసినవారు నాటి రాష్ట్రపతి, మన వరాహగిరి వెంకటగిరిగారు. 1977 ఫిబ్రవరి 1న అది ప్రారంభమైనది. ఆవిరి ఇంజన్లు ఇంకా పట్టాలమీద నడుస్తూ ఉండగానే ఆ పని చేశారు. అందులోనే వివేకం ఉన్నది. ఒక యుగం గడచిపోయిన తరువాత దాని అవశేషాలకోసం దేవులాడడం కంటె, గడుస్తూ ఉండగానే నాలుగు నమూనాలు తీసి ప్రక్కన పెట్టుకొనడం సులువు, చవుక. డీజిలు బస్సు నేడు సరిగ్గా ఆ దశలోనే ఉన్నది. విద్యుత్ బస్సులు వస్తున్నాయి. కొద్ది సంవత్సరాలలో గేరు మార్చే చప్పుడు, ఇంజను వేడికి కాలే బానెట్టు, ఎక్కుడులో డ్రైవరు పడే శ్రమ ఒక తరానికి తెలియని సంగతులు కానున్నాయి.

బొంబాయిలో 1937 నుండి తిరిగిన డబుల్ డెక్కర్ బస్సులలో చివరి డీజిలు బస్సు 2023 సెప్టెంబరు 15న విరమించింది. ఆనాడు నగరవాసులు దానికి పూలదండలు వేసి సాగనంపారు. కొన్నింటినైనా ప్రదర్శనశాలలో ఉంచుమని కోరారు. అక్కడి బెస్ట్ సంస్థకు ఆణిక్ డిపోలో సొంత ప్రదర్శనశాల ఉన్నది కనుక, కోరడానికి ఒక చిరునామా ఉన్నది. మనకు ఆ చిరునామా కూడా లేదు.

లండనులో ఈ పని మరికొంత ముందుకు పోయింది. కోవెంట్ గార్డెనులోని పాత పూలబజారు భవనంలో 1980లో రవాణా ప్రదర్శనశాల వెలసింది. అక్కడ చోటు చాలని వస్తువులకోసం 1999లో ఆక్టనులో డిపో కూడా ఏర్పడింది. బస్సులు, రైలు పెట్టెలు మొదలు టిక్కెట్లు, పటాలు, గోడపత్రికల వరకు మూడు లక్షలకు పైగా వస్తువులు అందులో ఉన్నాయి. 1914లో తయారైన బస్సు ఒకదానిని 2014లో ఆ సంస్థ బాగుచేయించింది. మొదటి ప్రపంచయుద్ధంలో అటువంటి లండను బస్సులు వందలకొలది సైనికులను మోసుకొని యుద్ధభూమికి పోయాయి. నూరేళ్ళ తరువాత ఆ బస్సు మళ్ళీ ఫ్రాన్సు, బెల్జియం రోడ్లమీద తిరిగి వచ్చినపుడు యుద్ధం చూడని తరం దానిని చూసి యుద్ధాన్ని గురించి తెలుసుకొన్నది. పాత బస్సు పాత ఇనుము కాదని చెప్పడానికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

బస్సును కాపాడడమంటే రంగు పూసి, చౌరస్తాలో దిమ్మెమీద నిలబెట్టడం కాదు. అది బస్సుకు రెండవ మరణం. కదలని బస్సు కూడా క్షీణిస్తుంది. ఎండకు రబ్బరు పగులుతుంది. వానకు రేకు త్రుప్పు పడుతుంది. పూర్వపు బస్సుల లోపలి కొయ్య చట్రాన్ని చెదలు తింటాయి. ఒకేచోట నిలిచిన బరువుకు టైర్లు చదునవుతాయి. ట్యాంకులో మిగిలిన ఇంధనం చిక్కబడి గొట్టాలను మూసివేస్తుంది. కనుక నీడ ఉండాలి, ఇంధనం తీసివేయాలి, బ్యాటరీ వేరు చేయాలి, బరువు టైర్లమీద పడకుండా ఇరుసుల క్రింద దిమ్మెలు ఉంచాలి. పాత రంగును గీకివేసి తళతళలాడే కొత్త రంగు వేయాలన్న ఉబలాటాన్ని అణచుకొనాలి. ఆ పాత రంగు పొరలే ఆ బస్సు ఏ ఏటిలో ఏ రూపంలో తిరిగిందో చెప్పే సాక్ష్యాలు. ఒక భాగం మార్చవలసివస్తే, మార్చినది ఏది, ఎందుకు, ఎప్పుడు అని వ్రాసి ఉంచాలి. తీసిన భాగాన్ని పారవేయకూడదు.

బస్సు ఒక్కటే చాలదు. దానితోపాటు దాని లోకమంతా కావాలి. కండక్టరు చంకనున్న సంచి, చేతిలోని టిక్కెట్ల పళ్ళెం, తుళ్ళు పొడిచే పరికరం, గంట తాడు, ఊళ్ళ పేర్లు వ్రాసిన బోర్డులు, చార్జీల పట్టికలు, విద్యార్థి పాసులు – ఇవన్నీ పత్రాలే. ఒక బోర్డుమీద ఉర్దూ, తెలుగు, ఆంగ్ల లిపులలో ఏది పైన ఉన్నది, ఏది ఎప్పుడు క్రిందికి జరిగింది, ఏది మాయమైంది అని చూస్తే ఈ నగరపు భాషల చరిత్ర అంతా అందులో కనిపిస్తుంది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలోను, 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లోను స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. అప్పుడు వారి చేతికి వచ్చిన సున్నా రూపాయల టిక్కెట్టు కూడా రేపటి చరిత్రకారునికి విలువైన పత్రమే. నేడు దానిని నలిపి పారవేస్తున్నాము. ఒక్కొక్కటి దాచడానికి ఒక చిన్న కవరు చాలును.

ఆర్టీసీ బస్సుల నంబర్లలో జెడ్ అనే అక్షరం ఉండడం అందరూ గమనించి ఉంటారు. అది ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరునుండి వచ్చిందని పెద్దలు చెబుతారు. అందమైన కథ. కాని కథ కథగానే ఊరూరా తిరుగుతున్నది. ఇదిగో ఆధారం, చూడండి అని పత్రాన్ని అద్దంలో పెట్టి చూపే చోటు లేదు. అటువంటి చోటు ఏర్పడినప్పుడు వినికిడి చరిత్ర కాగలదు, లేదా వినికిడిగానే తేలిపోగలదు. రెండింటిలో ఏది జరిగినా జ్ఞానానికి లాభమే.

ఎర్రబస్సెక్కి వచ్చావా అన్న మాట మన సమాజంలో వెక్కిరింపుగా నిలిచిపోయింది. పల్లెనుండి వచ్చినవాడిని, నాగరికత తెలియదని తలచి, అనే మాట అది. కాని ఆలోచించండి. ఈ రాష్ట్రాలలోని డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు, అధికారులలో అధికభాగం మొదట ఎర్రబస్సెక్కి వచ్చినవారే. ట్రంకుపెట్టె టాపుమీద వేసి, అన్నపు క్యారియరు ఒళ్ళో పెట్టుకొని, కళాశాలలో చేరడానికి వచ్చినవారే. పురుషుల తోడు లేకుండా ఆడపిల్ల ఊరు దాటి చదువుకొనడానికి పోగలిగిందంటే, స్త్రీలకు అని వ్రాసిన ఆ సీటుకు అందులో భాగం ఉన్నది. పరదా పాటించే ఇళ్ళనుండి మొదటిసారి డిగ్రీ చదువుకు బయలుదేరిన అమ్మాయిలకు, బీడువాడల నుండి హైస్కూలుకు నడిచే దూరం తప్పిన పిల్లలకు బస్సు వాహనం మాత్రమే కాదు, అవకాశం. మనలను మనుష్యులను చేసిన దానిని భాష వెక్కిరింపుగా దాచింది. ప్రదర్శనశాల దానిని గౌరవంగా దాచాలి.

ఈ సంగతి మన వంటి కళాశాల పత్రికలో వ్రాయడానికి ప్రత్యేకమైన కారణం ఉన్నది. హైదరాబాదు సంస్థానపు పరిపాలనా భాష ఉర్దూ. ఆ బస్సులెక్కిన వారిలో అధిక సంఖ్యాకుల భాష తెలుగు. నాటి ప్రభుత్వ కాగితాలు చదవాలంటే ఒక భాష కావాలి. నాటి ప్రయాణికుల జ్ఞాపకాలు వినాలంటే మరొక భాష కావాలి. రెండూ వచ్చినవారు రానురాను తగ్గిపోతున్నారు. ఉర్దూ, తెలుగు రెండూ ఒకే గోడల మధ్య బోధించే విద్యాలయాలలో మాత్రం ఆ రెండు చెవులూ ఇంకా ఉన్నాయి. ఈ చరిత్రను వ్రాయగల యోగ్యత మనకున్నది. యోగ్యత ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది.

కనుక విద్యార్థులకు ఒక సూచన. పాతనగరంలోను, మన మన ఊళ్ళలోను విశ్రాంతి తీసుకొంటున్న డ్రైవర్లు, కండక్టర్లు, మెకానికులు ఉన్నారు. వారి వద్దకు పొండి. సలాం చేసి, నమస్కరించి, ప్రక్కన కూర్చొని అడగండి. మొదట ఏ బస్సు నడిపారు? స్టీరింగు ఎంత బరువు? వాగు పొంగినపుడు ఏమి చేశారు? రాత్రి ఆఖరి ట్రిప్పులో పల్లెలో పండుకొన్నపుడు అన్నం ఎవరు పెట్టారు? జేబులోని ఫోనుతోనే వారి మాటలు వారి భాషలోనే పదిలపరచవచ్చు. పేరు, డిపో, సంవత్సరాలు విడిగా వ్రాసి ఉంచండి. వారి అనుమతి తీసుకొనడం మరువకండి. పాత ఫోటో, పాసు, టిక్కెట్టు, యూనిఫారం బిళ్ళ ఏదైనా ఇంట్లో ఉంటే అది ఎవరిదో, ఎప్పటిదో వెనుక వ్రాసి దాచండి. వివరం లేని వస్తువు ఊరు తప్పిన పిల్లవాడి వంటిది, ఎవరిదో తెలియదు.

కళాశాల కార్యవర్గ పెద్దలకు ఒక విన్నపం. చరిత్ర శాఖ, ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి ఏడాదికి ఇరవై మంది వృద్ధ రవాణా కార్మికుల జ్ఞాపకాలు సేకరించే ఏర్పాటు చేయండి. గ్రంథాలయంలో ఒక బీరువా దీనికి కేటాయించండి. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి సంవత్సరానికి ఒకసారి విద్యార్థులను తీసుకొనిపోయి, పాత కాగితం ఎలా చదవాలో నేర్పించండి. వీటన్నింటికంటె ముఖ్యంగా, రెండు రాష్ట్రాల రవాణా సంస్థలకు, కేంద్ర రోడ్డు రవాణా శాఖకు కళాశాల పక్షాన వినతిపత్రం పంపండి. అందులో కోరవలసినవి మూడే. తుక్కు నియమంనుండి ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క బస్సుకు మినహాయింపు. దానిని నిలపడానికి పైకప్పు ఉన్న పాత డిపో ఒకటి. దానికి బాధ్యుడైన ఒక అధికారి. కోరిక చిన్నదైతే కాదనడానికి కారణం వెదకడం కష్టమవుతుంది.

మన ప్రభుత్వాలు పెద్ద ప్రదర్శనశాల కట్టే రోజు వస్తే రావచ్చు, రాకపోవచ్చు. దానికోసం వేచి ఉండే సమయం మాత్రం బస్సులకు లేదు. భవనం ఆలస్యమైనా కట్టవచ్చు. కరిగించిన బస్సును మళ్ళీ పోతపోయలేము. 2010లో రోడ్డెక్కిన బస్సుకు 2025లో పదిహేనేళ్ళు నిండినాయి. 2011లో వచ్చినదానికి 2026లో నిండుతాయి. ప్రతి ఏటా ఒక తరం బస్సులు వరుసగా తుక్కు కేంద్రం గుమ్మం ఎక్కుతున్నాయి. మన విద్యార్థులు పదవ తరగతికి, ఇంటరుకు ఎక్కి పోయిన బస్సులే ఆ వరుసలో ఉన్నాయి. వాటిలో ఒక్కదానిని ఆపుమని ఈ సంవత్సరమే అడగాలి; వచ్చే సంవత్సరం అడగడానికి అది ఉండదు.